వందేళ్ళకోసారి వచ్చే వరదకి ఏడాది పాలసీ

మా బాబాయికి విజయవాడ సింగ్ నగర్‌లో ఒక జిరాక్స్ షాపు ఉంది. రెండు జిరాక్స్ మిషన్లు, రెండు కంప్యూటర్లు, లామినేషన్, స్పైరల్ బైండింగ్, ఆధార్ నుంచి పాస్‌పోర్ట్ దాకా అన్ని ఆన్‌లైన్ అప్లికేషన్లూ. నా ఇంటర్ రికార్డులన్నీ అక్కడే ఫ్రీగా బైండింగ్ అయ్యాయి. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు నీళ్ళు ఆ షాపులోకి వచ్చాయి. అప్పుడు నేను ఫస్టియర్‌లో చేరి కొన్ని రోజులే అయింది, హాస్టల్లో ఉన్నా. ఫోన్లో బాబాయి అన్న మొదటి మాట, "షట్టర్ సగం దాకా మునిగిందిరా, ఇక లోపల చూసేదేం లేదు."

ఆ తర్వాత సంగతులు మీరు టీవీలో చూసే ఉంటారు. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలు, డ్రోన్లతో అన్నం పొట్లాలు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళు. బుడమేరు గట్టుకి పడ్డ గండ్లు పూడ్చేసరికి వినాయక చవితి వచ్చేసింది. నీళ్ళు పోయాక షాపు తెరిస్తే అడుగున బురద, పైన ఉబ్బిపోయిన పేపర్ బండిల్స్. తడిసిన ఏ4 పేపర్ రీమ్ ఎంత బరువు ఉంటుందో మోస్తే గానీ తెలీదు.

కానీ ఈ వ్యాసం వరద గురించి కాదు. ఆ తర్వాత రెండు వారాలకి, బ్యాంకు పాస్‌బుక్ ఆరబెడుతూ పిన్ని ఒక లైన్ చూసింది. ప్రతి ఏడాదీ జులైలో ఆరొందల చిల్లర కట్ అవుతోంది. అది షాపు ఇన్సూరెన్స్ అట. లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు వాళ్ళే చేయించారు. మా బాబాయికి తనకి పాలసీ ఉన్న సంగతే తెలీదు! పేరులో ఎక్కడా వరద అని లేదు కానీ, అగ్ని, తుఫాను, వరద అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రోజు ఇంట్లో ఎంత సంబరపడ్డారో. తర్వాత నాలుగు నెలలకి వచ్చిన డబ్బు చూసి అంత నీరుగారిపోయారు. ఎందుకలా అయిందో అర్థం చేసుకుందామని మొదలుపెడితే నేను జిరాక్స్ షాపు నుంచి ఫ్లోరిడా దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ముందు బాబాయి లెక్క చూద్దాం. షాపులో ఉన్న మొత్తం సామాను విలువ సుమారు ఆరు లక్షలు. పాలసీ మాత్రం మూడు లక్షలకే ఉంది, ఎందుకంటే లోన్ మూడు లక్షలు. బ్యాంకు తన అప్పుకి సరిపడా బీమా చేయించింది, షాపుకి సరిపడా కాదు. నష్టం నాలుగు లక్షలు. మేమందరం అనుకున్నది, మూడు లక్షల దాకా కవర్ కాబట్టి మూడు లక్షలు వస్తాయని. అలా రావు. ఆరు లక్షల ఆస్తికి మూడు లక్షల బీమా అంటే సగం ఆస్తికే మీరు ప్రీమియం కట్టారు, మిగతా సగానికి మీకు మీరే ఇన్సూరెన్స్ కంపెనీ అని అర్థం. కాబట్టి నష్టంలో కూడా సగమే ఇస్తారు. నాలుగులో సగం రెండు లక్షలు, అందులో ఎక్సెస్ అని మళ్ళీ కొంత కోత. దీన్ని యావరేజ్ క్లాజ్ అంటారు. రూల్ అన్యాయం కాదు, ఆలోచిస్తే లాజిక్ ఉంది. అన్యాయం ఎక్కడుందంటే ఇది ఎవరూ ఆయనకి పాలసీ ఇచ్చిన రోజు చెప్పకపోవడం.

బండి సంగతి ఇంకో కథ. బాబాయి స్కూటీకి ఉన్నది థర్డ్ పార్టీ మాత్రమే. అది మన బండి వేరేవాళ్ళకి చేసే నష్టానికి. మన బండి మునిగితే రూపాయి రాదు. పక్కింటి అంకుల్ కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ఆయన నీళ్ళు తగ్గాక కీ తిప్పి చూశారు, పని చేస్తుందేమో అని. ఇంజన్లో నీళ్ళుండగా స్టార్ట్ చేస్తే లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అది వరద చేసిన నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం అంటారు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ లేకపోతే. ఇది చదివే వాళ్ళలో ఒక్కరికైనా పనికొస్తుందని చెప్తున్నా: మునిగిన బండి కీ తిప్పకండి. ఫోటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, టో చేయించండి.

ఇక అసలు విషయం. ఆరొందల చిల్లర ప్రీమియం గురించి నాకు ఒక అనుమానం వచ్చింది. మూడు లక్షల కవర్‌కి ఆరొందలు అంటే 0.2 శాతం. కంపెనీ ఖర్చులు, లాభం పక్కన పెట్టినా, ఆ షాపు పూర్తిగా పోయే ఛాన్స్ ఏడాదికి 0.2 శాతం అనుకుంటేనే ఆ రేటు గిట్టుబాటు అవుతుంది. అంటే అయిదొందల ఏళ్ళకోసారి. సింగ్ నగర్‌లో! బుడమేరుకి బెజవాడ దుఃఖదాయిని అని పేరుంది, 2005లో కూడా ఊళ్ళోకి వచ్చింది. కంపెనీకి లెక్కలు రావా?

వస్తాయి. ఇక్కడే మన ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పేపర్ పనికొస్తుంది (నాకు అందులో వచ్చిన మార్కులు అడగొద్దు). పదివేల మంది బండ్లకి దొంగతనం బీమా ఇచ్చారనుకోండి. ఒక్కో బండి పోయే ఛాన్స్ ఏడాదికి ఒక శాతం. సగటున వంద బండ్లు పోతాయి, స్టాండర్డ్ డీవియేషన్ సుమారు పది. అంటే దాదాపు ప్రతి ఏడాదీ ఎనభైకీ నూట ఇరవైకీ మధ్యలోనే. ఒక్క బండి విషయంలో ఎవరూ ఏమీ చెప్పలేరు, పదివేల బండ్ల విషయంలో మాత్రం కంపెనీ హాయిగా నిద్రపోవచ్చు. ఇన్సూరెన్స్ అనే వ్యాపారమంతా ఈ మ్యాజిక్ మీదే నడుస్తోంది.

ఆ మ్యాజిక్‌కి ఒక కండిషన్ ఉంది, టెక్స్ట్‌బుక్‌లో చిన్నగా రాసి ఉంటుంది: ఇండిపెండెంట్ ఈవెంట్స్ అయి ఉండాలి. నా బండి పోవడానికీ మీ బండి పోవడానికీ సంబంధం ఉండకూడదు. ఇప్పుడు అదే పదివేల బండ్లు సింగ్ నగర్, పాయకాపురం వీధుల్లో పార్క్ చేసి ఉన్నాయనుకోండి, బీమా దొంగతనానికి కాదు వరదకి. సగటు అదే వంద. కానీ నిజంగా జరిగేది ఏంటి? తొంభై తొమ్మిది ఏళ్ళు సున్నా, ఒక ఏడాది పదివేలు. సగటు అనే మాటకి ఇక్కడ అర్థమే లేదు. ఆ ఒక్క ఏడాది కంపెనీ దివాలా.

అందుకే కంపెనీలు కూడా ఇన్సూరెన్స్ చేయించుకుంటాయి. దీన్ని రీఇన్సూరెన్స్ అంటారు, తెలుగులో పునర్బీమా అట. వినడానికి పునర్జన్మ లాగా ఉంది, పని కూడా ఇంచుమించు అదే. 1861లో స్విట్జర్లాండ్‌లో గ్లారస్ అనే ఊరు తగలబడిపోతే, అక్కడి బీమా వ్యవస్థ అంత నష్టం తట్టుకోలేదని తేలింది. రెండేళ్ళకి స్విస్ రీ పుట్టింది. మన దేశంలో ముంబైలోని జీఐసీ రీ ఉంది. విజయవాడ రిస్కూ, ఫ్లోరిడా తుఫాన్ల రిస్కూ, జపాన్ భూకంపాల రిస్కూ ఒకే గిన్నెలో వేస్తే, అన్నీ ఒకే ఏడాది రావు కాబట్టి మళ్ళీ ఇండిపెండెన్స్ దొరుకుతుంది. ఊరి స్థాయిలో పోయిన మ్యాజిక్‌ని ప్రపంచ స్థాయిలో తిరిగి తెచ్చుకోవడం అన్నమాట.

దీంట్లో ఒక తిరకాసు ఉంది. గిన్నె ఒకటే కాబట్టి ఎక్కడ చిల్లు పడినా అందరికీ తెలుస్తుంది. 2022 సెప్టెంబర్‌లో ఇయాన్ హరికేన్ ఫ్లోరిడాని కొట్టింది. 2023 జనవరిలో రీఇన్సూరెన్స్ కాంట్రాక్టులు రెన్యూ అయ్యేటప్పుడు రేట్లు బాగా పెరిగాయి. ఫ్లోరిడాలో ఇంటి పైకప్పులు ఎగిరితే ఇంకెక్కడో ఉన్న కంపెనీకి కూడా ఖర్చు పెరుగుతుంది.

ఫ్లోరిడా అన్నాను కాబట్టి ఒక కథ చెప్పాలి, నాకు బాగా నచ్చిన కథ ఇది. 1980ల చివరిదాకా కంపెనీలు తుఫాను రిస్కుని పాత క్లెయిమ్‌లు చూసి లెక్కేసేవి. పోయిన ఇరవై, ముప్ఫై ఏళ్ళలో ఎంత పోయింది, దాని సగటు. కారెన్ క్లార్క్ అనే ఆవిడ ఇది తప్పు అంది. పెద్ద తుఫాన్లు చాలా అరుదు, ముప్ఫై ఏళ్ళ డేటాలో అసలు రాకపోవచ్చు, కాబట్టి కంప్యూటర్లో వేల సంవత్సరాల ఊహా తుఫాన్లని పుట్టించి, ఒక్కోటి ఒడ్డుకి వచ్చినట్టు సిమ్యులేట్ చేసి, దారిలో ఉన్న ఇళ్ళకి ఎంత నష్టమో కూడాలి అని 1987లో ఏఐఆర్ అనే కంపెనీ పెట్టింది. మన భాషలో చెప్పాలంటే మాంటే కార్లో. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ మయామీకి దక్షిణాన తాకింది. అదే రోజు ఆవిడ తన మోడల్ రన్ చేసి, బీమా నష్టం 1,300 కోట్ల డాలర్లు దాటొచ్చు అని క్లయింట్లకి ఫ్యాక్స్ పంపింది. అప్పటిదాకా ఏ హరికేన్‌కీ దాని మూడో వంతు కూడా కట్టలేదు, కాబట్టి ఎవరూ నమ్మలేదు. చివరికి లెక్క తేలింది 1,550 కోట్ల డాలర్లని. పదకొండు కంపెనీలు మునిగిపోయాయి. ఆ తర్వాత ఆ మోడల్ లేకుండా పెద్ద కంపెనీలేవీ పాలసీ రాయడం లేదు.

మెషిన్ లెర్నింగ్ చదివే వాళ్ళకి ఇందులో ఇంకో విషయం కనబడాలి. పాత డేటా మీద ట్రెయిన్ చేసిన మోడల్, కొత్త డేటా అదే డిస్ట్రిబ్యూషన్ నుంచి వస్తేనే పని చేస్తుంది. వాతావరణ మార్పు అంటే బీమా వాళ్ళకి సరిగ్గా ఇదే సమస్య: డిస్ట్రిబ్యూషనే జరుగుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, ఇది ఫిజిక్స్, ఇందులో వాదన లేదు. 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందుకంటే 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. వాన పడే రోజుల సంఖ్య పెరగకపోయినా, పడ్డ రోజు కుండపోత అవుతుంది.

దీన్ని ప్రీమియంలోకి మారుద్దాం. 'వందేళ్ళ వరద' అంటే వందేళ్ళకోసారి వస్తుందని కాదు, ఏ ఏడాదైనా వచ్చే ఛాన్స్ ఒక శాతం అని. ముప్ఫై ఏళ్ళు అదే ఇంట్లో ఉంటే కనీసం ఒక్కసారైనా చూసే ఛాన్స్ 26 శాతం. ఇప్పుడు అది జరిగి ఇరవై అయిదేళ్ళ వరద అయిందనుకోండి. వినడానికి చిన్న మార్పే, ఒకటి కాస్తా నాలుగు శాతం. కానీ ముప్ఫై ఏళ్ళలో చూసే ఛాన్స్ 70 శాతం దాటుతుంది. పది లక్షల నష్టానికి ఖర్చులు లేని అసలు ప్రీమియం పదివేల నుంచి నలభై వేలకి వెళ్తుంది. నలభై వేలు ఏ జిరాక్స్ షాపు కడుతుంది?

పైగా పాలసీ ఏడాదికే. కంపెనీ ప్రతి జులైలో మళ్ళీ ఆలోచించుకోవచ్చు, రేటు పెంచొచ్చు, వద్దనొచ్చు. మన లోను అయిదేళ్ళు, ఇల్లు ఇరవై ఏళ్ళు, ఊరు తరతరాలు. కాలిఫోర్నియాలో ఈ తేడా ఏంటో తెలిసొచ్చింది. అక్కడ చాలా ఏళ్ళ పాటు కార్చిచ్చు రిస్కుని గతంలో కట్టిన క్లెయిమ్‌ల సగటుతోనే లెక్కేయాలని రూల్, భవిష్యత్తుని చూసే మోడల్స్‌తో రేటు పెంచడానికి ఒప్పుకోలేదు. ప్రజల్ని కాపాడటానికే ఆ రూల్. ఫలితం, రేటు పెంచలేని కంపెనీలు వెళ్ళిపోవడం మొదలుపెట్టాయి. 2023 మేలో స్టేట్ ఫార్మ్ కొత్త ఇళ్ళ పాలసీలు ఆపేసింది, 2024లో సుమారు 72,000 పాలసీలు రెన్యూ చేయనంది. 2025 జనవరిలో లాస్ ఏంజెలస్ తగలబడింది, పదహారు వేలకి పైగా కట్టడాలు పోయాయి. అంటే రేటు పెంచితే జనం కట్టలేరు, పెంచనివ్వకపోతే కంపెనీ ఉండదు. ఈ రెండిటి మధ్య దారి ఎవరికైనా దొరికిందేమో అని నేను చాలా వెతికాను.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నష్టాలు పెరగడానికి అంతా వాతావరణమే కారణం అనేస్తే అది మనకి సౌకర్యంగా ఉండే అబద్ధం. ఆండ్రూ లాంటి హరికేన్ ఈ రోజు అదే దారిలో వస్తే నష్టం అప్పటికి ఎన్నో రెట్లు ఉంటుంది, గాలి అంతే ఉన్నా సరే, ఎందుకంటే అక్కడ ఇళ్ళు అన్ని పెరిగాయి. సింగ్ నగర్ కూడా అంతే. బుడమేరు పొంగితే నీళ్ళు పరుచుకునే పల్లపు నేలలో మనం కాలనీలు కట్టాం. అక్కడ స్థలం చవక కాబట్టి బాబాయి లాంటి వాళ్ళు అక్కడ కొన్నారు. వానని వాతావరణం పెంచింది, గండిని గట్టు ఇచ్చింది, మునగడానికి మనుషుల్ని రియల్ ఎస్టేట్ తెచ్చి పెట్టింది. ఎవరి వాటా ఎంత అంటే ఎవరూ కచ్చితంగా విడదీయలేరు.

మన దేశంలో పెద్ద సమస్య ప్రీమియం పెరగడం కూడా కాదు, అసలు బీమా లేకపోవడం. మ్యూనిక్ రీ లెక్క ప్రకారం 2024లో ప్రకృతి వైపరీత్యాల వల్ల ప్రపంచం మొత్తం మీద 32,000 కోట్ల డాలర్లు పోతే, అందులో 14,000 కోట్లకి బీమా ఉంది. అంటే నలభై శాతం పైనే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్‌ని కొట్టినప్పుడు మన దగ్గర బీమా కింద వచ్చింది మొత్తం నష్టంలో పదో వంతు లోపే. మిగతాది ఎవరు భరించారు? ఎవరిది వాళ్ళే. బంగారం తాకట్టు, చిట్టీ ముందే పాడుకోవడం, మావయ్య దగ్గర చేబదులు. విజయవాడ వరదకి ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్ళకి 25,000, పై అంతస్తుల వాళ్ళకి 10,000 ఇచ్చింది. పిన్నికి వచ్చిన 25,000 చాలా ఆదుకుంది, కాదనను. కానీ అది సాయం, బీమా కాదు. తేడా ఏంటంటే బీమా ఎంత రావాలో ముందే రాసి ఉంటుంది, అడిగే హక్కు ఉంటుంది.

రైతుల సంగతి అంటారా, దానికి వేరే వ్యాసం కావాలి. ఒక్క విషయం మాత్రం చెప్తా, ఎందుకంటే ఇది మన గడ్డ మీదే మొదలైంది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకి ఒక కొత్త రకం పాలసీ అమ్మారు, బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి, ప్రపంచ బ్యాంకు సలహాతో. దేశంలో అలాంటిది అదే మొదటిది. పంట ఎంత పోయిందో ఎవరూ వచ్చి చూడరు, సర్వేయర్ లేడు. వాన కొలిచే కేంద్రంలో వాన ఇంతకంటే తక్కువ పడితే డబ్బు వచ్చేస్తుంది. అచ్చం ఇఫ్-ఎల్స్ స్టేట్‌మెంట్! బాబాయి నాలుగు నెలల తిప్పలు గుర్తొచ్చి నాకిది అద్భుతం అనిపించింది. మా రూమ్మేట్‌ది పాలమూరే. వాడికి చూపిస్తే నవ్వాడు. "మా ఊళ్ళ రోడ్డుకు అటుపక్క వాన పడ్తది, ఇటుపక్క పడదు. నీ మిషన్ ఏ పక్క పెడ్తవ్?" అన్నాడు. సరిగ్గా ఆ ప్రశ్నకే బేసిస్ రిస్క్ అని పేరుందని నాకు తర్వాత తెలిసింది. కొలిచే చోట వాన పడింది, నీ చేలో పడలేదు, డబ్బు రాదు. దానికి మందు ఎక్కువ కేంద్రాలు, శాటిలైట్లు, చిన్న చిన్న గ్రిడ్లు.

నన్ను కొంచెం భయపెట్టేది ఇదే. డేటా ఎంత సన్నగా అయితే న్యాయం అంత పెరుగుతుందని అనుకుంటాం. పొలం విషయంలో అది నిజం. కానీ బాబాయి ఆరొందల ప్రీమియం సంగతి మళ్ళీ చూడండి. సింగ్ నగర్ షాపుకీ, ఎత్తు మీద ఉన్న షాపుకీ ఇంచుమించు ఒకటే రేటు వేయడం వల్లే ఆయనకి అది ఆరొందలకి దొరికింది. మెరకలో ఉన్నవాళ్ళు పల్లంలో ఉన్నవాళ్ళకి తెలీకుండానే సాయం చేస్తున్నారు. రేపు వీధి వీధికీ ఫ్లడ్ మ్యాప్, అడుగు అడుగుకీ ఎత్తు తెలిసిన మోడల్ వస్తే, ఎత్తులో ఉన్నవాడికి మూడొందలు, బాబాయికి ఆరువేలు. లెక్క ప్రకారం అదే కరెక్ట్. ఆ మోడల్ రాసేది కూడా ఎవరో కాదు, ఏ హైదరాబాద్ ఆఫీసులోనో కూర్చున్న మన బ్యాచ్ వాళ్ళే. యాక్యురసీ 94 నుంచి 97కి పెరిగిందని స్లైడ్ చూపిస్తారు, చప్పట్లు కొడతారు. ఆ మూడు శాతంలో ఒక వీధి మొత్తానికి పాలసీ పోయిందని స్లైడ్లో ఉండదు.

నేనైతే ఆ మోడల్ రాయొద్దు అనడం లేదు. మ్యాప్ దాచిపెడితే పల్లంలో ఇంకో వంద షాపులు వెలుస్తాయి. కానీ అదే మ్యాప్ ముందు మున్సిపాలిటీ చేతికి, గట్టు కట్టేవాళ్ళ చేతికి, స్థలం కొనేవాళ్ళ చేతికి రావాలి, ప్రీమియం వేసేవాళ్ళ చేతికి ఆ తర్వాత. ఇప్పటికైతే ఆ వరస తిరగబడుతుందేమో అనిపిస్తోంది.

మొన్న జులైలో బాబాయి పాలసీ రెన్యూవల్‌కి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి భారత్ గృహ రక్ష, చిన్న వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని అన్ని కంపెనీలూ ఒకే నమూనాలో ఇవ్వాల్సిన పాలసీలున్నాయి, రెండిట్లోనూ వరద ఉంది. ఈసారి సామాను మొత్తం లిస్టు రాసి, బిల్లులు ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, ఆరున్నర లక్షలకి చేయించాం. పెద్ద మిషన్‌కి ఇనుప స్టాండ్ చేయించాడు, రెండున్నర అడుగుల ఎత్తు. పాలసీ పేపర్ కూడా చదివి వినిపించమన్నాడు. వినిపించా, నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో కస్టమర్ వచ్చి రెండు కాపీలు అడిగితే ఆగాం. చివర్లో బాబాయి అడిగాడు, "వచ్చే ఏడాది కూడా ఇదే రేటు ఉంటదారా?"

తెలీదు బాబాయ్ అన్నా.

ఆ పేపర్‌ని లామినేట్ చేసి, పోయినసారి నీళ్ళు వచ్చిన గీతకి పైన మేకు కొట్టి తగిలించాడు.